నేల పుట్టే చోటు, నేల పోయే చోటు



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతున్నదో ఆ గురువుగారు రాయిని చూసి పేరు చెప్పిన విద్యార్థిని మెచ్చుకుని, వెంటనే ఇంకో ప్రశ్న వేసేవారు. ఇది ఈ చోటికి ఎలా వచ్చింది? పేరు చెప్పడం సగం పనేనని ఆయన అభిప్రాయం. ఆ రెండో సగం కోసమే ఇవాళ్టి విషయాన్ని ఎంచుకున్నాను. సముద్రపు నేల ఖండం కిందికి దిగిపోయే అంచుల్లో ఏం జరుగుతుంది, కోట్ల ఏళ్లలో అవి ఎలా రూపు మారతాయి, ఆ మార్పుల లెక్క మనకు ఎక్కడ దొరుకుతుంది అన్నది నేను చెప్పదలచుకున్న విషయం.

మన తీరం అలాంటిది కాదు. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట అంటార్కిటికా మన నుంచి విడిపోయినప్పుడు ఏర్పడిన అంచు ఇది. ఆ చీలికలో ఏర్పడిన పల్లాన్ని తరవాత కృష్ణా గోదావరులు ఒండ్రుతో నింపాయి. ఇవాళ మనం చమురు, సహజవాయువు తీస్తున్నది ఆ పొరల నుంచే. ఇక్కడ ఖండమూ, దాని ముందున్న సముద్రపు నేలా ఒకే పలకలో, అంటే భూమి పైపెంకులోని కదిలే ఒకే ముక్కలో, భాగాలు. రెండూ కలిసే ప్రయాణిస్తాయి. ఇలాంటిదాన్ని నిష్క్రియ అంచు అంటాం. అందుకే కోస్తా వాళ్లకు సముద్రం అనగానే తుపాను గుర్తొస్తుంది, ఉప్పెన గుర్తొస్తుంది, భూకంపం గుర్తుకు రాదు.

పసిఫిక్ మహాసముద్రం చుట్టూ, ఇటు సుమత్రా నుంచి అండమాన్ మీదుగా మయన్మార్ దాకా పరిస్థితి వేరు. అక్కడ భూభాగం ఒక పలక మీద ఉంటే, దాని ముందున్న సముద్రపు నేల మరో పలక. రెండూ ఎదురెదురుగా వస్తాయి. బరువైన సముద్రపు పలక వంగి అవతలిదాని కిందికి దిగుతుంది. దీన్నే సబ్‌డక్షన్ అంటున్నాం. ఇది క్రియాశీలమైన అంచు. సముద్రపు నేలలో 20 కోట్ల ఏళ్లకు మించిన వయసున్న భాగం ఎక్కడో తప్ప దొరకదు. ఖండాల్లో 400 కోట్ల ఏళ్ల నాటి రాళ్లు కూడా ఉన్నాయి. ఈ తేడాకు కారణం ఈ అంచులే. సముద్రపు నేలను లోపలికి తీసుకునేవీ ఇవే, ఖండానికి కొత్త రాయిని చేర్చేవీ ఇవే.

ఈ సంగతిని మొదట కళ్లారా చూసినవాళ్లలో చార్లెస్ డార్విన్ ఒకడు. జీవపరిణామం గురించి అంత రాసిన మనిషి బీగిల్ ప్రయాణంలో ముందుగా భూవిజ్ఞాని అని చాలామందికి గుర్తుండదు. 1835 ఫిబ్రవరి 20న చిలీలోని వాల్దీవియా దగ్గర అడవిలో అతను విశ్రాంతిగా పడుకుని ఉండగా నేల ఊగింది. రెండు వారాల తరవాత నౌక ఉత్తరాన ఉన్న కాన్సెప్సియోన్ రేవు చేరేసరికి ఊరు శిథిలాల కుప్పగా ఉంది. సముద్రపు కెరటం ఒడ్డునంతా ఊడ్చేసి వెళ్లింది. డార్విన్ ఆ విధ్వంసాన్ని చూసి చలించిపోయాడు. అయినా అతని కన్ను ఒడ్డురాళ్ల మీద పడింది. అక్కడికి దగ్గర్లోని శాంతా మరియా ద్వీపంలో కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ కొలతలు తీశాడు. అలల మట్టంలో రాళ్లకు అతుక్కుని బతికే ఆల్చిప్పలు నీటికి పైన, ఎండలో కుళ్లుతున్నాయి. ద్వీపం దక్షిణపు కొసలో 8 అడుగులు, ఉత్తరపు కొసలో 10 అడుగులు లేచింది.

కొద్ది వారాలకే డార్విన్ ఆండీస్ పర్వతాలు దాటాడు. దాదాపు 4,000 మీటర్ల ఎత్తున, ఒకప్పుడు సముద్రం అడుగున పాకిన జీవుల గవ్వలు అతనికి రాతిలో కనిపించాయి. ఒక్క భూకంపంతో పది అడుగులు లేస్తే, అలాంటివి వేలు జరిగితే ఈ పర్వతం ఎందుకు లేవదు అని అతను ఆలోచించాడు. పలకల సంగతి ఎవరికీ తెలియని రోజుల్లో ఇంత దూరం చూడగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అయితే ఆ లెక్క అంత సూటిగా లేదు. అదే తీరంలో 2010 ఫిబ్రవరి 27న 8.8 తీవ్రతతో మళ్లీ పెద్ద భూకంపం వచ్చింది. శాంతా మరియా ద్వీపం మళ్లీ లేచింది, ఈసారి రెండు మీటర్ల లోపు. శాస్త్రవేత్తలు ఫిట్జ్‌రాయ్ కొలతలను, మధ్యకాలంలో నౌకల వాళ్లు తీసిన సముద్రపు లోతుల పటాలను, ఇప్పటి ఉపగ్రహ కొలతలను పక్కపక్కన పెట్టి చూశారు. 1835లో లేచిన ద్వీపం ఆ తరవాతి 175 ఏళ్లలో సుమారు ఒకటిన్నర మీటర్లు మెల్లగా కుంగిపోయింది. 2010లో మళ్లీ లేచింది. ఒక పూర్తి చక్రంలో లేచినదాంట్లో శాశ్వతంగా మిగిలేది 10 నుంచి 20 శాతమేనని వాళ్లు తేల్చారు. మిగిలినదంతా వచ్చింది వచ్చినట్టే పోతుంది. పర్వతాలు కట్టేది ఆ మిగులుతోనే. నాకు తెలిసినంతలో భూవిజ్ఞానంలో ఇంత పొందికైన ప్రయోగం మరొకటి లేదు. ప్రయోగశాల ఒక ద్వీపం, పరిశీలనా కాలం 175 ఏళ్లు, మొదటి కొలత తీసింది ఓ నౌకాధికారి.

లేవడం, కుంగడం ఎందుకు జరుగుతాయి? పై పలకా, కింద దిగే పలకా రాసుకునే తలం పైభాగంలో అతుక్కుపోయి ఉంటుంది. దిగే పలక ఆగదు. దానితోపాటు పై పలక కొసను కూడా లాక్కుపోతుంది. కొస కిందికి వంగుతుంటే దాని వెనకనున్న నేల కొంచెం ఉబ్బుతుంది. వందల ఏళ్ల తరవాత అతుకు తెగినప్పుడు కొస ఒక్కసారి పైకి, సముద్రంవైపు విసురుగా వస్తుంది. దానిమీదున్న నీరంతా లేస్తుంది. అదే సునామీ. వెనకనున్న ఉబ్బు అదే నిమిషాల్లో కుంగుతుంది. అంటే ఒకే భూకంపంలో ఒక తీరం లేచి, కొన్ని పదుల కిలోమీటర్ల దూరంలోని మరో తీరం మునుగుతుంది.

దీన్ని రుజువు చేసిందీ ఒడ్డున బతికే చిన్న ప్రాణులే. 1964 మార్చి 27న అలాస్కాలో 9.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. అమెరికా భూవిజ్ఞాని జార్జ్ ప్లాఫ్కర్ వేసవంతా పడవలో తీరం వెంట తిరుగుతూ, రాళ్లకు అంటుకుని బతికే బార్నకిల్స్ పట్టీ ఎక్కడ ఎంత ఎత్తుకు లేచిందో, ఎక్కడ నీట మునిగిందో కొలిచాడు. మాంటగ్యూ ద్వీపంలో లేచిన ఎత్తు పది మీటర్లు దాటింది. లోపలివైపు తీరాలు రెండు మీటర్ల దాకా కుంగాయి. అప్పటికి పేరున్న భూకంప శాస్త్రవేత్తలు ఇది నిటారు పగులు వల్ల జరిగిందన్నారు. ప్లాఫ్కర్ కొలతలు దానికి ఒప్పుకోలేదు. ఖండం కిందికి ఏటవాలుగా దిగే విశాలమైన తలం మీద జరిగిన జారుడు తప్ప ఇంకేదీ ఆ లెక్కకు సరిపోలేదు. జపాన్‌లో వదాతి 1928 నుంచే, తరవాత అమెరికాలో బెనియాఫ్, దాదాపు 700 కిలోమీటర్ల లోతుదాకా వాలుగా దిగే భూకంపాల పట్టీని గుర్తించారు. అది ఏమిటో చెప్పగల సిద్ధాంతం మాత్రం అప్పుడు లేదు. సముద్రపు నేల నడిసముద్రపు గట్ల దగ్గర పుట్టి పక్కలకు విస్తరిస్తుందని 1962లో హ్యారీ హెస్ రాశాడు. పుట్టింది ఎక్కడో పోవాలి కదా! 1968కల్లా ఐజాక్స్, ఆలివర్, సైక్స్ భూకంపాల ఆధారంతో మొత్తం కథను ఒకచోట చేర్చారు. 1912లో ఖండాలు కదులుతాయని చెప్పి, ఎగతాళికి గురై, 1930లో గ్రీన్లాండ్ మంచులో ప్రాణాలు విడిచిన వెగెనర్ ఈ రోజు చూడలేదు.

ఇక ఆండీస్ గురించి కాస్త నింపాదిగా చెప్పాలి. ఉత్తర చిలీ తీరం ముందు సముద్ర అగాధం లోతు 8,000 మీటర్లు. అక్కడి నుంచి తూర్పుగా 300 కిలోమీటర్లు వెళ్లేలోపే 6,739 మీటర్ల యుయాయియాకో అగ్నిపర్వత శిఖరం. మట్టాల్లో తేడా దాదాపు 15 కిలోమీటర్లు. భూమ్మీద ఇంత తక్కువ దూరంలో ఇంత తేడా ఉన్న చోట్లు చాలా అరుదు. అల్తిప్లానో పీఠభూమి కింద భూపటలం 70 కిలోమీటర్ల మందం, అంటే మామూలు ఖండపు మందానికి రెట్టింపు.

నాజ్కా పలక ఏడాదికి ఏడు సెంటీమీటర్ల చొప్పున దక్షిణ అమెరికా కిందికి వెళ్తోంది కాబట్టి పర్వతాలు లేచాయి అని పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. నాకు ఆ వాక్యం మీద అభ్యంతరం ఉంది. ఆ అంచులో సముద్రపు నేల దిగడం మొదలై సుమారు 20 కోట్ల ఏళ్లయింది. ఎత్తయిన ఆండీస్ వయసు అందులో నాలుగో వంతు కూడా లేదు. మరి మిగతా కాలమంతా ఏమైంది? మరో ఉదాహరణ చూడండి. పశ్చిమ పసిఫిక్‌లోని మరియానా అగాధం దాదాపు 11 కిలోమీటర్ల లోతు. అక్కడా పలక దిగుతోంది. దాని వెనక మాత్రం పర్వతం లేదు. పైగా నేల సాగి కొత్త సముద్రపు నేల పుడుతోంది. కాబట్టి పలక దిగడం ఒక్కటే పర్వతాన్ని లేపదు. పైనున్న పలక ఎటు వెళ్తోందన్నది కూడా చూడాలి. అట్లాంటిక్ తెరుచుకున్నప్పటి నుంచి దక్షిణ అమెరికా పడమరకు, అంటే అగాధం మీదికే నడుస్తోంది. ముందు అగాధం, వెనక బ్రెజిల్ గట్టి రాతినేల. ఈ రెంటి మధ్య నేల నలిగి మందమెక్కింది.

భూవిజ్ఞానులు సైమన్ ల్యాంబ్, పాల్ డేవిస్ 2003లో ఇంకో కారణం కూడా ప్రతిపాదించారు. అటకామా ఎడారిలో వానల్లేవు, నదుల్లేవు. సముద్రానికి మట్టి చేరదు. మట్టి ఉంటే అది రెండు పలకల మధ్య జారుడుకు పనికొస్తుంది. అది లేకపోవడంతో రాపిడి పెరిగి, పర్వతం ఇంకా ఎత్తు లేచిందని వాళ్ల వాదన. ఇది అందరూ ఒప్పుకున్న మాట కాదు. కానీ ఎడారి వాతావరణం పర్వతం ఎత్తును నిర్ణయించవచ్చన్న ఆలోచనే నన్ను ఆకట్టుకుంటుంది. పర్వతాలు వానలను ఆపుతాయని చిన్నప్పటి నుంచి చదువుకున్నాం. వానలు లేకపోవడం పర్వతాన్ని లేపుతుందని ఎవరూ చెప్పలేదు.

అగ్నిపర్వతాల సంగతి మరో విచిత్రం. దిగే పలక వేడిది కాదు. సముద్రం అడుగున కోట్ల ఏళ్లు చల్లారిన రాయి అది. అంత చల్లని రాయి లోపలికి వెళ్తే శిలాద్రవం ఎలా పుడుతుంది? జవాబు నీరు. సముద్రపు అడుగు రాళ్లు తమ ఖనిజాల్లో నీటిని కలుపుకుని ఉంటాయి. సుమారు 100 కిలోమీటర్ల లోతున ఒత్తిడికి, వేడికి ఆ నీరు విడుదలై పైనున్న వేడి ప్రావారంలోకి (మాంటిల్) చేరుతుంది. నీరు తగిలిన రాయి తక్కువ వేడికే కరుగుతుంది. అందుకే అగ్నిపర్వతాలు తీరానికి సమాంతరంగా, ఒకే వరసలో నిలుస్తాయి. చిలీ మధ్యభాగంలో పలక కొంత దూరం దాదాపు అడ్డంగా పోతుంది. ఆ మేర అగ్నిపర్వతాలు ఆరిపోయాయి. ఆండీస్‌లో అన్నిటికన్నా ఎత్తయిన అకోంకాగువా, 6,961 మీటర్లు, ఆ నిశ్శబ్దమైన భాగంలోనే ఉంది. ఈ శిలాద్రవంతో పాటు పైకొచ్చిన వేడి నీళ్లే చుకికమాటా, ఎల్ తెనియెంటే, ఎస్కొండీడా గనుల్లోని రాగిని పోగుచేశాయి.

నేల పోవడం గురించి కూడా చెప్పాలి. ఉత్తర చిలీలో, అంతోఫగస్తా పట్టణం దగ్గర, సముద్రపు ఒడ్డునే జురాసిక్ కాలపు అగ్నిపర్వత శిలలు వేల మీటర్ల మందాన ఉన్నాయి. అగ్నిపర్వతాలు అగాధానికి అంత దగ్గరగా పుట్టవు. ఇవాళ్టి అగ్నిపర్వతాల వరస అక్కడి నుంచి 200 కిలోమీటర్లు లోపలికి ఉంది. అంటే ఆ జురాసిక్ వరసకు ముందు ఒకప్పుడు ఉన్న వందల కిలోమీటర్ల నేల ఇప్పుడు లేదు. దిగే పలక దాన్ని కింది నుంచి కొంచెం కొంచెంగా అరగదీసి లోపలికి తీసుకుపోయింది. ఖండం అంటే శాశ్వతమనుకుంటాం. చిలీలో ఖండమే తరిగిపోతోంది.

మట్టి బాగా చేరే అంచుల్లో ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. పెనం మీద అట్లకాడతో గీకినప్పుడు మాడు పొరలు దాని ముందు ముడతలుగా పోగుపడినట్టు, పై పలక కొస దిగే పలక మీది మట్టిని గీకి తన ముందు పోగేసుకుంటుంది. ఖండం సముద్రంవైపు పెరుగుతుంది. అండమాన్ దీవులు చాలావరకు అలా పోగుపడి నీటిపైకి తేలిన నేల. హిమాలయాల నుంచి గంగా బ్రహ్మపుత్రలు బంగాళాఖాతంలోకి మోసిన మట్టి దక్షిణానికి దాదాపు 3,000 కిలోమీటర్లు పరుచుకుని ఉంది. దాని తూర్పు అంచు ఆ దీవుల కిందికి నడుస్తోంది. వాటి తూర్పున నీటి కింద దాగిన అగ్నిపర్వతాల వరసలో నార్కండం, బారెన్ ద్వీపం మాత్రం పైకి కనిపిస్తాయి. బారెన్ ద్వీపం మన దేశంలోని ఒకే ఒక్క సజీవ అగ్నిపర్వతం. చాలాకాలం నిద్రపోయి 1991లో మళ్లీ లేచింది.

ఇప్పుడు నా అసలు మాటకు వస్తాను. క్రియాశీలమైన అంచు అంటే ఎప్పుడూ కంపిస్తూ ఉండేది అని మనం అనుకుంటాం. కానీ అన్నిటికన్నా పెద్ద అంచుల్లో కొన్ని వందల ఏళ్లు పెద్దగా కంపించవు. ఆ మౌనమే మనుషుల్ని మోసం చేస్తుంది. దానికి కాస్కేడియా కథ కన్నా మంచి సాక్ష్యం లేదు.

ఉత్తర కాలిఫోర్నియా నుంచి కెనడాలోని వాంకూవర్ ద్వీపం దాకా సుమారు వెయ్యి కిలోమీటర్ల పొడవున హువాన్ డి ఫూకా అనే చిన్న పలక అమెరికా కిందికి దిగుతోంది. వెనక రెయినీర్, సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతాలు ఉన్నాయి. కానీ అక్కడ పెద్ద భూకంపం వచ్చినట్టు తెల్లవాళ్ల రాతల్లో ఎక్కడా లేదు. రాతలు మొదలైందే రెండు శతాబ్దాల కిందట. పలక నెమ్మదిగా జారిపోతోంది, భయం లేదని చాలామంది నమ్మారు. 1986లో బ్రయన్ అట్వాటర్ అనే భూవిజ్ఞాని వాషింగ్టన్ రాష్ట్రపు ఉప్పుటేరుల గట్లను పారతో తవ్వడం మొదలుపెట్టాడు. పైన బురద, దాని కింద సన్నని ఇసుక పొర, దాని కింద ఒకప్పుడు గడ్డి మొలిచిన పచ్చిక నేల. పచ్చిక ఒక్కసారిగా కుంగి, వెంటనే సముద్రం ఇసుకను పరిచి, ఆ తరవాత ఆటుపోట్లు బురద నింపితే తప్ప ఆ వరస రాదు. కోపాలిస్ నది ఒడ్డున చచ్చి నిలబడిన దేవదారు చెట్ల దుంగలు ఇప్పటికీ ఉన్నాయి. వాటి వేళ్లలోని చివరి వలయం 1699 వేసవిది.

ఏ రోజు జరిగిందో చెప్పింది మాత్రం పసిఫిక్ అవతలి ఒడ్డు. 1700 జనవరి చివర్లో జపాన్ తీర గ్రామాల్లోకి సముద్రం చొరబడినట్టు అక్కడి వ్యాపారులు, గ్రామపెద్దలు రాసిపెట్టారు. భూకంపం లేకుండా వచ్చిన కెరటం వాళ్లకు అంతుపట్టలేదు. 1996లో కెంజి సతాకె, ఆయన సహచరులు వెనక్కి లెక్కగట్టి, ఆ కెరటం 1700 జనవరి 26 రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో కాస్కేడియాలో బయలుదేరిందని చూపించారు. తీవ్రత 9కి అటూ ఇటూ. ఇంకో సాక్ష్యం అక్కడే ఉండింది. వాంకూవర్ ద్వీపపు ఆదివాసులు, పచీనా బే దగ్గర ఒక ఊరు రాత్రికి రాత్రి సముద్రంలో కలిసిపోయిందని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. వాళ్ల మాటను చాలాకాలం కట్టుకథగానే విన్నారు.

నేను ఈ కథ ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. సియాటిల్‌లో, పోర్ట్‌లాండ్‌లో ఇవాళ వేల తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. మనం పుట్టింది నిష్క్రియమైన అంచు మీద. మన పిల్లలు ఇల్లు కొనుక్కుంటున్నది క్రియాశీలమైన అంచు మీద. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) అయితే ఇంకా దగ్గర. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లిన మత్స్యకారులు, వాళ్ల సంతతి అక్కడ ఎంతమందో. అండమాన్‌లో ఎక్కువగా వినిపించే భాషల్లో తెలుగు ఒకటి. ఆ దీవులు ఉన్నది సరిగ్గా పలకలు కలిసేచోట.

2004 డిసెంబర్ 26, ఆదివారం ఉదయం ఆరున్నరకు సుమత్రా ముందు తెగిన అతుకు, ఉత్తరానికి పాకుతూ అండమాన్ దాకా సుమారు 1,300 కిలోమీటర్లు చీలింది. అందుకు పట్టింది పది నిమిషాల లోపు. ఇందాక చెప్పిన లేవడం, కుంగడం ఇక్కడా కనిపించాయి. ఉత్తర అండమాన్ పడమటి తీరంలో పగడపు దిబ్బలు నీటిపైకి లేచి ఎండిపోయాయి. గ్రేట్ నికోబార్‌లో దేశపు దక్షిణపు కొస ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగింది. ఒడ్డున ఉండాల్సిన దీపస్తంభం నీళ్లలో నిలబడింది. సుమారు రెండు, రెండున్నర గంటల్లో కెరటం మన తీరానికి చేరింది. ఆ రోజు పౌర్ణమి. మంగినపూడిలో సముద్రస్నానానికి దిగినవాళ్లు, వేటకు వెళ్లినవాళ్లు, ఒడ్డున వలలు ఆరబెట్టుకుంటున్నవాళ్లు కలిపి ఆంధ్ర తీరంలో వందమందికి పైగా చనిపోయారు. హిందూ మహాసముద్రం చుట్టూ పోయిన ప్రాణాలు రెండు లక్షలు దాటాయి. మన దగ్గర రెండు గంటల సమయం ఉండి కూడా ఎవరికీ తెలియలేదు. ఆ బాధ ఈ రంగంలో పనిచేసే ఎవరికీ ఇప్పటికీ తగ్గలేదు.

సుమత్రా పక్కనే ఉన్న సిమెలూ ద్వీపం భూకంప కేంద్రానికి అన్నిటికన్నా దగ్గర. అక్కడ పోయిన ప్రాణాలు వేళ్లమీద లెక్కపెట్టదగినవి. 1907లో వచ్చిన కెరటాన్ని ఆ దీవివాసులు పాటల్లో, పిల్లలకు చెప్పే మాటల్లో నిలుపుకున్నారు. నేల గట్టిగా ఊగి, సముద్రం వెనక్కి తగ్గితే కొండెక్కమని ప్రతి బిడ్డకూ తెలుసు. వాళ్లు కొండెక్కారు.

నేల జ్ఞాపకం మనిషి జ్ఞాపకం కన్నా పొడవు. థాయ్‌లాండ్‌లోని ఫ్రా థాంగ్ ద్వీపంలో 2004 నాటి ఇసుక పొర కింద, మట్టి పొరల మధ్య, అలాంటివే మరికొన్ని ఇసుక పొరలు బయటపడ్డాయి. వాటిలో అన్నిటికన్నా కొత్తది 550 నుంచి 700 ఏళ్ల నాటిది. సుమత్రా పడమటి తీరం ముందున్న మెంతవై దీవుల్లో భూవిజ్ఞాని కెర్రీ సీ బృందం పగడాల పెరుగుదల వలయాల్లోంచి 1797, 1833 మహా భూకంపాలను, వాటికి వెనకటి శతాబ్దాల కదలికలను చదివింది. మయన్మార్‌లోని అరకాన్ తీరంలో 1762 భూకంపానికి లేచిన మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఈ అంచు ఉత్తరభాగం మళ్లీ ఎప్పుడు తెగుతుందో, తెగితే కెరటం ఎంత ఉంటుందో శాస్త్రవేత్తలు ఏకాభిప్రాయానికి రాలేదు. బంగాళాఖాతానికి ఇవతలి ఒడ్డున ఉన్న మనకు అది పట్టింపులేని చర్చ కాదు.

మన నేల కూడా ఒకప్పుడు ఈ దశలన్నీ దాటింది. లేహ్ పట్టణం వెనక కొండల్లోని గ్రానైట్, భారతదేశం వచ్చి ఆసియాను ఢీకొట్టక ముందు అక్కడున్న ఆండీస్ లాంటి అగ్నిపర్వతాల వరసకు వేళ్లు. నెల్లూరు సీమలోని కండ్ర దగ్గర భూవిజ్ఞానులు గుర్తించిన శిలలు, దాదాపు 185 కోట్ల ఏళ్ల కిందటి ఒక సముద్రపు నేల ఖండానికి అతుక్కుని మిగిలిన ముక్కలు. అంటే ఇవాళ ఎంతో నెమ్మదిగా కనిపించే ఈ తూర్పు తీరం ఒకనాడు చిలీలాగే పనిచేసిన అంచు. నెల్లూరులో చదువుకునే భూగర్భశాస్త్ర విద్యార్థికి సబ్‌డక్షన్ గురించి చెప్పేటప్పుడు జపాన్ పటం చూపించే ముందు, బస్సులో వెళ్లి చూసి రాగల ఆ రాళ్లను చూపించాలని నా గట్టి అభిప్రాయం.

2004 తరవాత మన దేశం చేసిన మంచిపని, హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార సేవల సంస్థ ఇన్‌కాయిస్‌లో 2007లో సునామీ హెచ్చరిక కేంద్రాన్ని నెలకొల్పడం. అది ఇవాళ మనకే కాక హిందూ మహాసముద్ర తీరంలోని ఇతర దేశాలకూ హెచ్చరికలు పంపుతోంది. భూకంపం వచ్చిన కొద్ది నిమిషాల్లోనే సమాచారం బయలుదేరుతుంది. సముద్రానికి దూరంగా, దక్కన్ గట్టినేల మీద కూర్చుని అండమాన్ కదలికలను కనిపెట్టే ఆ కేంద్రాన్ని మన విద్యార్థులు చూసి రావాలి.

యంత్రాలు రేపటి కెరటాన్ని పట్టుకుంటాయి. ఎన్ని ఏళ్లకు ఒకసారి, ఎంత ఎత్తున వస్తుందో చెప్పాలంటే మాత్రం నేలనే తవ్వాలి. ఈ పని మన తీరంలో ఇంకా ఎంతో జరగాలి. మన ఇబ్బంది కూడా ప్రత్యేకమైనది. 1864లో మచిలీపట్నాన్ని, 1977లో దివిసీమను ముంచిన ఉప్పెనలు కూడా ఇసుక పొరలను వదిలే వెళ్లి ఉంటాయి. తుపాను ఇసుకకూ సునామీ ఇసుకకూ తేడా తెలుసుకోవాలంటే గింజల పరిమాణం, వాటిలోని సూక్ష్మజీవుల గుల్లలు, పొర ఎంత లోపలికి పరుచుకుందన్నది ఓపికగా చూడాలి. పులికాట్ బురదనేలలు, కృష్ణా డెల్టా కొసలోని మడ అడవుల వెనకనున్న చవిటిపర్రలు ఇందుకు అనువైన చోట్లు.

విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. ఎంఎస్సీ ప్రాజెక్టుకు విషయం వెతుక్కునే మీలో కొందరైనా ఈ పని ఎంచుకోండి. అధ్యాపకులు మట్టి పొరలను గొట్టాలతో తీసే పరికరాలను, పొరల వయసు కట్టించడానికి కావలసిన నిధులను సమకూర్చాలి. తీరంలోని గ్రామాల పెద్దలను కలిసి వాళ్ల తాతముత్తాతల నుంచి విన్నవి రాసుకోండి. వాళ్ల మాటను కట్టుకథని కొట్టిపారేయకండి. మీరు తేల్చినదాన్ని ముందుగా తెలుగులో, ఆ ఊళ్ల బడుల్లో చెప్పండి.